సీసం సారు, పల్లేరు అంచు

మా కిరాయి సారు చనిపోయాడన్న కబురు మా వీధి మొదట్లో ఉన్న ఎస్టీడీ బూతుకు వచ్చింది. బూతు నడిపే అతను మా గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, మీ సీసం సారు పోయిండంట. వనపర్తికెల్లి ఫోన్ జేసిన్రు" అన్నాడు. నేను మగ్గం గుంటలోంచి లేవలేదు. ఎవరు చేశారని అడిగాను. తెల్వదన్నాడు.

"ఆడ గొంతా, మగ గొంతా?"

"ఆడ గొంతే."

"ఏడ్చుకుంట చెప్పిందా, మామూలుగ చెప్పిందా?"

"చావు కబురు ఎవరన్న అబద్ధం చెప్తరా పెద్దమ్మా?"

చెప్తారు. ఆస్తి పంపకాలప్పుడు చెప్పగా విన్నాను, పెళ్లి ఆపాలనుకున్నప్పుడు చెప్పగా విన్నాను. పేక దారం వేసే నాడె పక్కన పెట్టి బూతు దాకా నడిచి, వాళ్లు ఇచ్చిన నంబరుకు మళ్లీ కలపమన్నాను. సారు భార్య ఎత్తింది. నా గొంతు విని "అవునమ్మా" అని ఏడ్చింది. అప్పుడు నమ్మాను. సారు అయినా ఇట్లాగే చేసేవాడు. తన చావు కబురు తనకే వచ్చినా, రెండో వైపు నుంచి రూఢి చేసుకోకుండా ఒప్పుకునే మనిషి కాదు.

ఫోన్ పెట్టి బయటికి వస్తుంటే, పక్క చాయ్ హోటల్లో కూర్చున్న ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: "ఏ సారు? ముసలామె ఇంట్ల ఉండి అంచులు అమ్ముకున్న సారేనా?"

ఆ ఒక్క మాట వల్లనే ఇదంతా చెప్పాల్సి వస్తోంది. నాకు చదువు లేదు. నేను చెప్తుంటే నా కోడలు రాస్తోంది. రాసింది రాసినట్టు చదివి వినిపించమంటున్నాను, ఎందుకంటే ఈమెకు నా మాటల్ని మెత్తగా చేసే అలవాటుంది. ఎక్కడైనా నేను మర్యాదగా కనిపిస్తే అది ఈమె పని అనుకోండి.

సారుది కల్వకుర్తి దిక్కు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. గద్వాల కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చి, మా ముందరి గది కిరాయికి తీసుకున్నాడు. అప్పటికి పెళ్లి కాలేదు. దిగిన రోజు రిక్షాలో ఒక పెట్టె, ఒక చెక్క చట్రం, ఒక గోనె సంచి వచ్చాయి. సంచి చిన్నదే. కానీ రిక్షా అతను ఒక్కడే దింపలేకపోయాడు. మూతి విప్పి చూపించమన్నాను. లోపల నల్లటి బిళ్ళలు. సీసం అన్నాడు సారు. పాఠాలు చెప్పేవాడికి సీసం దేనికని అడిగాను. చుక్కలు చూడడానికి అన్నాడు. ఆ జవాబుతో నాకు మొదటి అనుమానం పడింది. చుక్కలు చూడాలంటే మెడ ఎత్తాలి గాని సీసం ఎందుకు?

వీధిలో సీసం సారు అనే పేరు పడింది. పిల్లలు దాన్ని సీసా సారు చేశారు. దాంతో ఆయన తాగుతాడని పుకారు పుట్టింది. ఒక సాయంత్రం ఆయన ఎదురుగా నిలబడి, నోరు తెరిచి ఊదమన్నాను. ఊదాడు. తమలపాకు వాసన తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడన్న నమ్మినవా అమ్మా?" అన్నాడు.

"ఈ పూటకు నమ్మిన."

ఆయన నవ్వాడు. "మంచిగ చెప్పినవ్. నేనైతే 'ఇప్పటికైతే' అంట" అన్నాడు.

అది ఆయన మాట. ఏది అడిగినా ఇప్పటికైతే అనేవాడు. వాన వస్తుందా సారూ అంటే, ఇప్పటికైతే మబ్బుంది. కూర బాగుందా అంటే, ఇప్పటికైతే బాగుంది. తాళం వేసి వీధి మలుపు దాకా పోయి, తిరిగి వచ్చి లాగి చూసేవాడు. పొద్దున్నే చెప్పులు దులిపి గాని కాలు పెట్టేవాడు కాదు. నా కంటే అనుమానం ఎక్కువున్న మనిషిని మా ఇంట్లో అంతకు ముందు చూడలేదు.

సెలవు రోజుల్లో హైదరాబాదు పోయేవాడు. అక్కడ ఆయనలాంటి వాళ్లు ఇంకొందరు కలిసి ఒక పెట్టె తయారు చేస్తున్నారట. ఎందుకని అడిగి అడిగి చెప్పించుకున్నాను. ఆకాశంలో కొన్ని చుక్కల నుంచి కంటికి ఆనని వెలుగు వస్తుందట. గామా అంటారట. అది నేల దాకా రాదు, పైన గాలే మింగేస్తుంది. అందుకని దాన్ని పట్టే పెట్టెను పెద్ద బెలూనుకు కట్టి పైకి వదులుతారు. పెట్టెలో ఉప్పులాంటి గడ్డ ఒకటి ఉంటుంది. తడి తగిలితే పాడైపోతుందని దాన్ని గాలి చొరకుండా మూసి పెడతారు. గామా తగిలితే ఆ గడ్డ చిన్నగా మెరుస్తుంది. మెరిసిందని తెలుస్తుంది, ఎటు నుంచి వచ్చిందో తెలియదు. అద్దం పెట్టి ఒక దగ్గరికి చేర్చుదామంటే అద్దాన్ని దూసుకుని పోతుంది. సీసం ఒక్కటే దాన్ని ఆపుతుంది. అందుకని గడ్డకు పైన ఒక చట్రం పెట్టి, కొన్ని గడుల్లో సీసం బిళ్ళలు పెడతారు, కొన్ని ఖాళీ వదులుతారు. గడ్డ మీద దాని నీడ పడుతుంది. నీడ ఎంత జరిగిందో చూసి, చుక్క ఎక్కడుందో లెక్క కడతారు.

"అంటే నువ్వు చుక్కను చూడవు. నీడను చూస్తవు."

"అంతే అమ్మా."

"పక్కలకెల్లి దూరితే?"

"పక్కలకు కావలి పెట్టినం. గోడ దుంకి వచ్చినదాన్ని లెక్కల పట్టం. పైన తలుపుల నుంచి వచ్చినదే లెక్క."

ఈ మాట నాకు నచ్చింది. నచ్చింది కాబట్టి ఇంకొంచెం అనుమానం వచ్చింది.

ఇంతలో మా ఇంట్లో దొంగతనం జరిగింది. బంగారం కాదు. మా అత్త కాలం నుంచి మా మగ్గాల మీదే నేస్తున్న గవ్వల అంచు బజారులో ఒక సేటు దుకాణంలో కనిపించింది. చీర మాది కాదు, చెయ్యి మాది కాదు, గవ్వలు మాత్రం మావి. నేసేవాళ్లకు ఇదెంత నష్టమో బయటివాళ్లకు తెలియదు. అంచు పోతే ఆ ఇంటి పేరు పోయినట్టే. మా మగ్గాల గదిలోకి పరాయివాళ్లు రారు. వచ్చేది దారానికి రంగు అద్దే అతను, నా మరిది, ఇక ముందరి గదిలో ఉన్న సారు. రంగుల అతను మా మామ కాలం నుంచి వస్తున్నాడు. మరిది సొంత మనిషి, మా చీరలు దుకాణాలకు వేసేది ఆయనే. ఇక మిగిలింది ఎవరు?

మరిదే వచ్చి చెప్పాడు. "వదినె, నీ కిరాయి సారు గ్రాఫు కాగితాల మీద గడులు నింపుతున్నడు. నా కండ్లార చూసిన. వారం వారం హైదరాబాద్ ఎందుకు పోతుండు మరి?"

గ్రాఫు కాగితం మీద గడులు నింపడమంటే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. అంచు గీయడం. గీసినదాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. నేను నేరుగా పోయి తలుపు తట్టాను. "కాగితాలు తియ్యి సారూ" అన్నాను. ఎందుకని అడగలేదు. తీసి మంచం మీద పరిచాడు. నిజంగానే గడులు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి.

"ఇది ఏ అంచు?"

"అంచు కాదమ్మా. సీసం బిళ్ళలు ఎక్కడ పెట్టాలన్నది."

"గట్లనే అంటవు. నేను దీన్ని నేస్త. అంచు వచ్చిందనుకో, నీ సంచి నువ్వే మోసుకుంట పోవాలె."

ఇంకొకరైతే రోషపడేవారు. ఆయన ముఖం వెలిగింది. "నెయ్యి అమ్మా. నాకు గూడ చూడాలనుంది" అన్నాడు.

తువాలు వెడల్పున తెల్లటి నూలు పడుగు కట్టి, నల్ల గడి ఉన్నచోట అదనంగా నల్ల దారం పేక పోసి, చేత్తో ఎత్తి నేశాను. పువ్వు రాలేదు, తీగ రాలేదు. ఏ అంచైనా కొంత దూరం పోయాక మళ్లీ మొదటికి వస్తుంది. అట్లా వస్తేనే చీర పొడుగునా పోతుంది. ఇది మళ్లీ రాలేదు. ఒక వరుసను ఇంకొక వరుసతో జత చేయబోతే ఎక్కడా కుదరలేదు. ఇంత వికారమైన గుడ్డ నా మగ్గం మీద ఎప్పుడూ దిగలేదు. తీసుకుపోయి ఆయన ముందు వేశాను.

"ఇది అంచు కాదు. దీన్ని ఎవ్వరు కొనరు" అన్నాను.

ఆయన దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "ఎక్కడా జత కలువలేదు కదమ్మా? కలువొద్దు. రెండు తావుల ఒకటే తీరుగ ఉన్నదనుకో, ఒక్క చుక్కను పెట్టె రెండు చుక్కలని చెప్తది" అన్నాడు. మళ్లీ గుడ్డ వైపు చూసి ఆగిపోయాడు. "ఈడ ఒక గడి తప్పింది."

తప్పింది కాదు, వదిలాను. నిండుగా నేసిన గుడ్డకు దిష్టి తగులుతుందని మా ఇంట్లో ఎక్కడో ఒకచోట ఒక పువ్వుకు రేక, ఒక గవ్వకు గీత వదిలేస్తాం. మా అత్త నేర్పింది అది. ఆ మాటే చెప్పాను.

"నా పెట్టెకు దిష్టి పనికిరాదమ్మా."

"పెట్టెకు కాదు. నీకు."

తువాలు మడిచి పెట్టుకున్నాడు. నేను లేచి వస్తుంటే పిలిచాడు. "అమ్మా, ఒక్క మాట. ఈ కాగితం అంచు కాదని తేలింది. నేను దొంగను కాదని తేలలేదు. గవ్వల అంచు వేరే కాగితం మీద గీసి ఉండొచ్చు కద."

గుమ్మంలోనే నిలబడిపోయాను. తన మీద తానే అనుమానం నిలబెట్టుకునే మనిషిని ఏమనాలి? దొంగ ఇట్లా మాట్లాడడని అనిపించింది. తెలివైన దొంగ ఇట్లాగే మాట్లాడతాడని కూడా అనిపించింది.

కొన్నాళ్లకు వాళ్ల పెట్టె బెలూను మీద పైకి పోయింది. అది చూసి వచ్చిన సారు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. పడిపోయిందా అని అడిగాను.

"లేదమ్మా. మంచిగనే దిగింది. చుక్క కనబడ్డది. దాని పక్కపొంటి ఎవ్వరు ఎరుగని ఇంకో చుక్క గూడ కనబడ్డది. అందరు మిఠాయి పంచుకున్నరు."

"మరి నీ మొఖమేంది గట్లున్నది?"

"సంతోషం వచ్చినప్పుడే ఎక్కువ అనుమానించాలె" అన్నాడు.

మిఠాయి తినకుండా తెచ్చాడు. అది మేం తిన్నాం. ఆయన ఆ చట్రాన్ని విప్పించి ఒక్కొక్క బిళ్ళే చూస్తూ పోయాడట. రెండు వరుసలు ఒకటే తీరుగా పడ్డాయి. ఆ కొత్త చుక్క చుక్క కాదు, ఉన్నదాని దయ్యం. బిళ్ళలు పెట్టింది ఎవరని అడిగితే, నేనే అన్నాడు. తప్పు ఎట్లా దొరికిందని అడిగాను. దొంగ చుక్క ఎంత దూరంలో పడిందో చూస్తే, చట్రంలో తప్పు ఏ వరుసల్లో ఉందో తెలిసిపోయిందన్నాడు. ఏ తప్పు చేస్తే దానికి దాని నీడే పడుతుందట.

ఆ మాట పట్టుకుని నేను మగ్గం దగ్గర కూర్చున్నాను. దొంగతనంగా అంచు దించుకునేవాడికి ఏది పువ్వో, ఏది దిష్టికి వదిలిందో తెలియదు. ఉన్నది ఉన్నట్టు దించుకుంటాడు.

కొత్త అంచు ఒకటి కట్టాను. పల్లేరు కాయల అంచు. ముళ్ళ కాయను అంచుకు ఎవరూ ఎత్తరు కాబట్టి అదైతే నాదేనని తెలుస్తుంది. ఒక్కొక్క కాయ పట్టేంత ముక్కలు మూడు నేశాను. మొదటి దాంట్లో కాయకు పై ముల్లు నేయకుండా వదిలాను. రెండో దాంట్లో కింది ముల్లు. మూడో దాంట్లో కాయ నడుమ చుక్క. పై ముల్లు లేనిది సారుకు చూపించి, రెండు రోజులు నీ గదిలో పెట్టుకో అన్నాను. కింది ముల్లు లేనిది రంగుకు సరిచూడమని రంగుల అతనికి ఇచ్చాను. నడుమ చుక్క లేనిది ఎట్లుందో చూడమని మరిది ఇంటికి పంపాను. మూడూ తిరిగి వచ్చాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు, సారుకు కూడా.

కొన్ని నెలలకు పెద్దమందడిలో మా చెల్లెలి ఇంట్లో పెళ్లి అయింది. పెండ్లికూతురు మేనత్త పక్కనుంచి పోతుంటే ఆమె కుచ్చిళ్ళ దగ్గర ముళ్ళు కనిపించాయి. పట్టుకుని ఆపాను. "ఏందమ్మా, చీర గుంజుతున్నవ్?" అంది ఆమె. నలుగురూ చూస్తున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని అంచు చూశాను. పై ముల్లు ఉంది. కింది ముల్లు ఉంది. నడుమ చుక్క లేదు. ఒక్క కాయకు కాదు, అంచు పొడుగునా ఏ కాయకూ లేదు. దించుకున్నవాడు దిష్టిని కూడా నమూనా అనుకున్నాడు. చీర ఎక్కడ కొన్నావని అడిగాను. గద్వాలలో, ఆ సేటు దుకాణంలోనే.

ఇంటికి వచ్చి ముందు సారుకే చెప్పాను. నీ మీద మచ్చ పోయింది, మరిదే దొంగ అన్నాను. ఆయన సంబరపడతాడనుకున్నాను. మూడు ముక్కలూ పక్క పక్కన పెట్టి చూశాడు.

"ఆ తలుపు నుంచి వచ్చిందని నీడ చెప్తది అమ్మా. చెయ్యి ఎవరిదో చెప్పదు. వాళ్లింటికి ఎంతమంది వస్తరు, పోతరు. ఇప్పటికైతే తలుపు వరకే అను" అన్నాడు.

ఆయన్ను దొంగ అన్నది మరిదే. ఆ మరిదిని కూడా దొంగ అననియ్యలేదు.

నేను వీధిలో నిలబడి ఆ ముక్కలు చూపించి చెప్పాను. తలుపు వరకే చెప్పాను. మరిది గట్టిగా నవ్వాడు. "వదినెకు సారు మందు పెట్టిండు. మగ్గం మీద చుక్క ఎవరన్న తప్పుతరు" అన్నాడు. వీధి ఆయన మాటే వింది. ఇంటి తగాదా అన్నారు. ఆడది మరిది మీద పగబట్టింది అన్నారు. అదే ఏడు సారుకు వనపర్తికి బదిలీ అయింది. దొంగ కాకపోతే ఎందుకు పారిపోతాడన్నారు. బదిలీ కాగితం వస్తే పోకుండా ఎవడుంటాడు?

పోయే రోజు, "నువ్వు గూడ ఒక మాట చెప్పి పో సారూ" అని అడిగాను.

"నేను చెప్తే దొంగ చెప్పినట్టుంటది. నువ్వు చూసినవు, అది చాలు" అన్నాడు. సంచిని ఈసారి మా కొడుకు, ఆయన కలిసి మోశారు. తాళం వేసి మలుపు దాకా పోయి, ఆ ఇల్లు ఇక తనది కాకపోయినా, వెనక్కి వచ్చి లాగి చూశాడు.

తర్వాత పెళ్లి చేసుకుని, భార్యను తీసుకుని ఒకసారి వచ్చాడు. వాళ్ల పెట్టె మళ్లీ పైకి పోయిందని, ఈసారి చుక్క ఉండాల్సిన చోటే ఒక్కటే ఉందని చెప్పాడు. మిఠాయి తిన్నావా అని అడిగాను. సగం తిన్నాడట.

దినాలకు వనపర్తి పోయాను. ఆయన భార్య నా చేతిలో మడత పెట్టిన తువాలు పెట్టింది. ఆయన పని చేసుకునే గది కిటికీకి ఇన్నాళ్లూ అదే తెరగా ఉందట. కొత్త తెర కుట్టిస్తానంటే ఒప్పుకోలేదట. అంచులు మాసిపోయాయి, నల్ల గడులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. విప్పి చూశాను. నేను వదిలిన గడి అట్లాగే ఉంది. అంత అనుమానపు మనిషి దాన్ని సరిచేయలేదు.

దాన్ని తెచ్చి మా ముందరి గది కిటికీకే కట్టాను. నా దగ్గర ఆ పల్లేరు ముక్కలు మూడూ ఉన్నాయి. పెళ్లిలో ఆ మేనత్త కట్టుకున్న చీర కూడా, ఆమెకు ఇంకో చీర ఇచ్చి తెచ్చి పెట్టాను. సారు అంచులు అమ్ముకున్నాడని అనేవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుని చూడొచ్చు. నా మాట నమ్మమని అడగను. నమ్మొద్దు. ముళ్ళు చూసుకోండి, చుక్క చూసుకోండి.

నిన్న మధ్యాహ్నం వాలాక నా మరిది వచ్చాడు. ఇప్పుడు ఆయనకూ తల నెరిసింది. కర్ర పట్టుకుని వస్తాడు. కోడలు ఏదో రాస్తోందని ఎవరు చెప్పారో, "ఏం రాపిస్తున్నవ్ వదినె?" అంటూ కిటికీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఎండ తువాలులోంచి పడుతోంది. గోడ మీద, నేల మీద, కుర్చీ మీద నల్ల గడులు, తెల్ల గడులు. నీడ ఉండాల్సిన ఒక్కచోట, నేను వదిలిన గడిలోంచి, వెలుతురు వచ్చి ఆయన చేతి మీద పడింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. చెయ్యి తీశాడు. వెలుతురు ఒడిలో పడింది. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"ఎండ కండ్లల్ల పడుతుంది వదినె" అన్నాడు.

"ఇప్పటికైతే ఎండే" అన్నాను.

మరిది కర్ర వెతుక్కుని లేచి వెళ్లాడు. కోడలు దీపం పెట్టడానికి లేచేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఆ వెలుతురు గడి కుర్చీ దిగి, నేల మీదుగా, సీసం సంచి పెట్టిన చోట పడ్డ నల్లటి మరక మీదికి పాకి, అక్కడ చాలాసేపు ఉంది.